మాల్టీస్ నిజంగా మూడు వేల ఏళ్ల నాటి జాతేనా? ఫ్లాట్‌లో పెంచవచ్చా?

మణికొండ_నాన్న
మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. కుక్కపిల్ల కావాలని ఏడాదిగా ఒకటే గొడవ. సరే అని వెతకడం మొదలుపెడితే తల తిరిగిపోతోంది. మొన్న ఒకాయన దగ్గరికి వెళ్లాం. గుప్పెడంత తెల్ల కుక్కపిల్లను చేతిలో పెట్టి, "ఇది మాల్టీస్ సార్, మాల్టా దీవి నుంచి వచ్చింది, మూడు వేల ఏళ్ల జాతి, రోము రాజులు పెంచుకున్నది, ఇప్పటిదాకా వేరే రక్తం కలవలేదు" అని అరగంట చెప్పాడు. ధర లక్షా పది వేలు. ఇంకా చిన్నది కావాలంటే 'టీకప్' ఉందట, దానికి మరో నలభై వేలు. ఇంకో చోట అచ్చం అలాంటి పిల్లనే చూపించి బిషాన్ అన్నారు. మూడో చోట పామేరియన్ అన్నారు.

ఒకటి, ఈ వేల ఏళ్ల కథలో నిజమెంత? రెండు, మేమిద్దరం ఆఫీసుకు, పాప స్కూలుకు వెళ్తాం. అలాంటి ఇంట్లో ఈ జాతి ఇమడగలదా? మా ఆవిడకు ఆస్తమా ఉంది, అది కూడా చూసి చెప్పండి.

బెజవాడ_బుజ్జి
టీకప్ అన్న చోటి నుంచి లేచి వచ్చేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పాతపుస్తకం
మూడు వేలు అనేది అమ్మకం కోసం చెప్పే లెక్క. అయితే ఈ కుక్క ప్రస్తావన చాలా పాతది, అందులో అనుమానం అక్కర్లేదు. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువుల గురించి రాస్తూ, ముంగిసలాంటి ఒక చిన్న జంతువు ఎంత ఉంటుందో చెప్పడానికి "చిన్న మెలిటా కుక్కంత" అన్నాడు. అంటే చదివేవాళ్లందరికీ ఆ కుక్క అప్పటికే తెలుసు. ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ చిన్నచిన్న విషయాలకు గొప్పలు పోయే మనిషిని వర్ణిస్తూ, అలాంటివాడు తన మెలిటా కుక్క చనిపోతే దానికి సమాధి కట్టించి, రాతి మీద పేరు చెక్కిస్తాడని రాశాడు. 2300 ఏళ్ల కిందటే కుక్కను ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లను చూసి నవ్వేవాళ్లూ ఉన్నారు.

ఇక మాల్టా సంగతి. మెలిటా అనే పేరుతో అప్పట్లో రెండు దీవులున్నాయి. ఒకటి సిసిలీకి దక్షిణంగా ఉన్న నేటి మాల్టా. రెండోది ఏడ్రియాటిక్ సముద్రంలో, ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న మ్లెట్. గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఈ కుక్కలు మాల్టావి అన్నాడు. రోమన్ రచయిత ప్లినీ ఏమో కల్లిమాకస్ అనే కవి మాట చెప్పి, ఏడ్రియాటిక్ దీవి వైపు చూపించాడు. రెండు వేల ఏళ్ల కిందట వాళ్లే తేల్చుకోలేదు, మణికొండలో అమ్మేవాడు తేల్చేశాడు!

ఓరుగల్లు_పిల్ల
రోము రాజుల కథ ఏంది మరి? నేను కూడా చాలా చోట్ల చదివిన.

పాతపుస్తకం
@ఓరుగల్లు_పిల్ల అది మార్షల్ అనే రోమన్ కవి రాసిన ఒక పద్యం నుంచి వచ్చింది. పుబ్లియస్ అనే ఆయన పెంచుకున్న ఇస్సా అనే ఆడకుక్క మీద రాశాడు. అది మాల్టీస్ అనీ, పుబ్లియస్ మాల్టా గవర్నరనీ ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. పద్యంలో మాత్రం జాతి పేరూ లేదు, పదవి పేరూ లేదు.

కానీ పద్యం చదివి తీరాలి. ఇస్సా తన యజమానికి భారతదేశపు మణుల కన్నా ప్రియమైనదట. ఆయన మెడ మీద తల ఆనించి నిద్రపోతుంది. రాత్రిపూట అవసరమైతే పక్క తడపదు, పాదంతో మెల్లగా తట్టి లేపి, కిందికి దింపమని అడుగుతుంది, పని కాగానే మళ్లీ ఎత్తుకోమంటుంది. అది చనిపోతే రూపమైనా మిగలాలని పుబ్లియస్ దాని బొమ్మ గీయించాడు. ఈ కవి మొదటి శతాబ్దంవాడు.

ఫ్రిస్కో_అత్తమ్మ
ఆ పాదంతో తట్టి లేపడం చదివి మా ఆయనకు కూడా చదివి వినిపించాను. మా మాల్టీస్ మల్లి రోజూ చేసే పని అదే. మొరగదు. ముందు కాలితో చెంప మీద రెండు సార్లు మెత్తగా తడుతుంది, లేవకపోతే చెవిలో ఊపిరి వదులుతుంది.

ల్యాబ్_కోటు
పాతపుస్తకం గారి సమాచారం బాగుంది కానీ ఒక ముఖ్యమైన తేడా చెప్పుకోవాలి. "చిన్న తెల్ల ఒళ్లో కుక్క" అనే రకం పాతది. "మాల్టీస్" అనే జాతి పాతది కాదు. ఇవాళ మనం జాతి అంటున్నది ఏంటి? తల్లిదండ్రులిద్దరి పేర్లూ పుస్తకంలో ఎక్కాలి, ఆ పుస్తకంలో లేని కుక్కతో కలపకూడదు. ఈ పద్ధతి 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదలైంది. అలాంటి పుస్తకం పెట్టే లండన్ కెన్నెల్ క్లబ్ పుట్టింది 1873లో. అమెరికాలో ఈ కుక్కను వెస్ట్‌మిన్‌స్టర్ కుక్కల ప్రదర్శనకు తెచ్చింది 1877లో, అప్పుడు దాన్ని మాల్టీస్ లయన్ డాగ్ అన్నారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు 1888లో వచ్చింది. అంతకు ముందు రేవుల్లో, ఇళ్లలో, ఓడల్లో ఎవరి కుక్క దేనితో కలిసిందో రాసిపెట్టినవాళ్లు లేరు. కాబట్టి "ఇప్పటిదాకా వేరే రక్తం కలవలేదు" అనే మాటకు ఆధారం ఉండే వీలే లేదు.

పాతపుస్తకం
@ల్యాబ్_కోటు రిజిస్టర్ల విషయంలో మీ మాట సరే. కానీ రిజిస్టర్ పెట్టిన రోజే కుక్క పుట్టలేదు కదా! 1570లో జాన్ కేయస్ అనే ఇంగ్లిష్ వైద్యుడు కుక్కల మీద లాటిన్‌లో రాస్తూ, ఈ మెలిటా కుక్కల్ని గొప్పింటి ఆడవాళ్లు ఒళ్లో, పక్కలో పెట్టుకుంటారనీ, ఎంత చిన్నవైతే అంత ముద్దు అనీ రాశాడు. పొట్ట నొప్పికి ఈ కుక్కను పొట్ట మీద పెట్టుకుంటే ఉపశమనం అని కూడా రాశాడు. అరిస్టాటిల్ నుంచి కేయస్ దాకా పేరు అదే, చిన్న ఒళ్లు అదే, పని అదే. రక్తం కలిసి ఉండవచ్చు, మనుషులు ఎంచుకున్న గుణం మాత్రం మారలేదు. నా లెక్కలో అదే అసలు వారసత్వం.

ల్యాబ్_కోటు
గుణం అన్నంత వరకు నాకు అభ్యంతరం లేదు. లక్షా పది వేలు మూడు వేల ఏళ్ల పేరుతో తీసుకుంటేనే అభ్యంతరం.

గోదారిగట్టు
పొట్ట నొప్పికి కుక్క! మా నానమ్మ ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి పెట్టేది, ఇదీ అదే వైద్యం.

మిలాన్_ఎమ్మెస్
నేను చదువుకోసం ఇటలీలో ఉంటున్నాను. ఇక్కడ ఈ కుక్కను మాల్తేసే అంటారు, ట్రామ్‌లో ఎక్కితే ఎవరో ఒక పెద్దావిడ సంచిలోంచి ఒకటి తల బయటపెట్టి చూస్తూ ఉంటుంది. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ పత్రాల్లో కూడా పుట్టిన చోటు మాల్టా అని రాయలేదు. మధ్య మధ్యధరా ప్రాంతం అని రాసి, బాధ్యత ఇటలీకి అప్పగించారు. అందులోనే ఇంకో మాట ఉంది: దీని పూర్వీకులు రేవు పట్టణాల్లో గోదాముల్లోనూ ఓడల అడుగునా ఎలుకల్ని పట్టేవట. కాబట్టి ఒళ్లో కూర్చోవడమే దీని పని అన్నట్టు పాతపుస్తకం గారు చెప్పింది పూర్తిగా ఒప్పుకోలేను.

ఫ్రిస్కో_అత్తమ్మ
మా మల్లి బల్లిని చూస్తే గంట సేపు గోడ దగ్గర కూర్చుంటుంది. ఎలుక అయితే ఇక చెప్పక్కర్లేదు. మిలాన్ బాబు మాటలో నిజం ఉందనిపిస్తోంది.

పాతపుస్తకం
@మిలాన్_ఎమ్మెస్ ఎలుకలు పట్టి ఉండవచ్చు. కానీ పాత రాతల్లో దాన్ని వేటకుక్కల వరసలో చేర్చినవాళ్లు కనిపించరు. ఇంట్లో, ఒడిలో, పడకలోనే కనిపిస్తుంది.

మణికొండ_నాన్న
ఇంత సంగతి ఉందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇప్పుడు ఆ మూడు షాపుల గొడవ తేల్చండి. మాల్టీస్, బిషాన్, పామేరియన్... తేడా ఎలా పట్టుకోవాలి? పిల్లలుగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఫ్రిస్కో_అత్తమ్మ
చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మాల్టీస్‌కు లోపలి ఉన్ని ఉండదు, ఒకటే పొర. పెద్దదయ్యాక పట్టుదారంలా తిన్నగా కిందికి వేలాడుతుంది, వదిలేస్తే నేల తాకుతుంది. బిషాన్‌కు రెండు పొరలు, వెంట్రుక ఉంగరాలు తిరిగి గుండ్రంగా పైకి లేస్తుంది. నొక్కి వదిలితే మళ్లీ పొంగుతుంది. పామ్‌కు మూతి నక్కలా కోసుగా, చెవులు నిలబడి, తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటాయి. మాల్టీస్ చెవులు కిందికి వేలాడతాయి. చెవులు నిక్కబొడుచుకున్న కుక్కను మాల్టీస్ అని అమ్మితే తీసుకోవద్దు.

మిలాన్_ఎమ్మెస్
లెక్కలు కూడా చూసుకోండి. మాల్టీస్ మగది భుజం దగ్గర 21 నుంచి 25 సెంటీమీటర్లు, ఆడది 20 నుంచి 23, బరువు 3 నుంచి 4 కిలోలు. బిషాన్ 25 నుంచి 29 సెంటీమీటర్లు, సుమారు 5 కిలోలు. ఎఫ్‌సీఐ రెంటినీ ఒకే గుంపులో, బిషాన్లూ వాటి చుట్టాలూ అనే విభాగంలో పెట్టింది. ఆ చుట్టాల్లో ఇంకోటి కోటోన్ ద తులియర్. అది మడగాస్కర్‌లోని తులియర్ రేవుది, ఎఫ్‌సీఐ గుర్తింపు 1970లో వచ్చింది. ఓడ మునిగితే ఈదుకుంటూ ఒడ్డుకు చేరిన కుక్కల సంతానం అని కథ చెబుతారు. బిషాన్‌ది కెనరీ దీవుల కథ, అక్కడి టెనెరిఫే పేరే దానికి చాలాకాలం ఉంది. ఫ్రాన్స్‌లో సర్కస్ వాళ్లూ, వీధి సంగీతం వాళ్లూ దాన్ని పెంచారు. జాతి ప్రమాణం రాసింది 1933లో. తెల్ల కుక్కలన్నిటికీ ఏదో ఒక దీవి, ఏదో ఒక ఓడ ఉంటాయి.

వైజాగ్_వాసు
పామేరియన్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. తొంభైల్లో మా వీధిలో ప్రతి మూడో ఇంట్లో ఒక తెల్ల పామ్ ఉండేది. మాది స్నోయి. పెరుగన్నం తప్ప వేరేది ముట్టేది కాదు. పోస్ట్‌మన్ గేటు తీస్తే ఊరంతా లేచేది. ఇప్పుడు నెట్‌లో పామేరియన్ బొమ్మలు చూస్తే మా స్నోయికి పోలికే లేదు, ఇవి అరచేతిలో పట్టేలా ఉన్నాయి.

కడప_పశువైద్యుడు
@వైజాగ్_వాసు మీది పామేరియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్ కుక్కల నుంచి మన దగ్గర తయారైన రకం. మన ఎండకు, మన తిండికి అలవాటు పడింది. అసలు పామేరియన్ రెండు మూడు కిలోలు ఉంటుంది, మనవి దానికి రెట్టింపు పైనే. విదేశీ కుక్కల దిగుమతి కష్టంగా ఉన్న రోజుల్లో మధ్యతరగతి ఇళ్లకు తెల్ల కుక్క అంటే ఇదే. ఇప్పుడు అడిగేవాళ్లు తగ్గిపోయారు, మంచి పిల్లలు దొరకడం కష్టమైంది. అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆరోగ్యం విషయంలో అది గట్టి కుక్క.

మణికొండ గారూ, మీ ప్రశ్నకు వస్తాను. మాల్టీస్‌లో నేను ముందు చూసేవి నాలుగు. మోకాలి చిప్ప జారడం: నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తి ఒకటి రెండు అడుగులు కుంటి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఆట అనుకుని వదిలేస్తారు. రెండోది పళ్లు: చిన్న నోట్లో అన్ని పళ్లూ ఇరుక్కుంటాయి, పాలపళ్లు ఊడకుండా ఉండిపోతాయి, గార పడుతుంది. రోజూ బ్రష్ చెయ్యాలి. మూడోది కాలేయాన్ని తప్పించుకుని రక్తం పక్కదారిలో పోయే పుట్టుకతో వచ్చే లోపం. పిల్ల ఎదగదు, తిన్న కాసేపటికి మత్తుగా తూలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. పిత్త ఆమ్లాల రక్తపరీక్షతో అనుమానం తేలుతుంది. నాలుగోది వయసు మళ్లాక గుండె కవాటం.

ఇంకోటి, తెల్ల చిన్న కుక్కల్లో ముందుగా గుర్తించడం వల్ల 'వైట్ షేకర్' అనే పేరు వచ్చిన వణుకు జబ్బు. పడుచు వయసులో ఒళ్లంతా సన్నగా వణకడం మొదలవుతుంది. చూస్తే భయం వేస్తుంది, కానీ స్టెరాయిడ్‌తో చాలా వరకు బాగా తగ్గుతుంది. చలి అనుకుని దుప్పటి కప్పి కూర్చోకండి, చూపించండి.

బెజవాడ_బుజ్జి
డాక్టర్ గారూ, టీకప్ గురించి మీరే చెప్పండి. నా మాట ఎవరూ వినడం లేదు.

కడప_పశువైద్యుడు
ఏ కెన్నెల్ క్లబ్ పుస్తకంలోనూ టీకప్ అనే జాతి లేదు. ఈతలో బక్కగా పుట్టిన పిల్లల్ని, లేదా బక్కవాటినే జత కట్టించి పుట్టించిన వాటిని ఆ పేరుతో అమ్ముతారు. కిలోన్నర కుక్కకు ఒక పూట తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతుంది, చూపు నిలవదు, ఫిట్స్ వస్తాయి. అప్పుడు చిగుళ్లకు కాస్త తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ రాసి వెంటనే పరిగెత్తాలి. ఎముకలు అగ్గిపుల్లలే, సోఫా మీంచి దూకితే ముందుకాలు విరుగుతుంది. ఎక్కువ డబ్బు తీసుకుని ఎక్కువ జబ్బును అమ్ముతున్నారు, ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం.

వీధికుక్క_నేస్తం
ఇంత జబ్బుల చిట్టా ఉన్న కుక్క కోసం లక్ష ఎందుకు? మీ వీధిలోనే తల్లి లేని పిల్లలు ఉంటాయి. టీకాలు వేయించి పెంచుకోండి. మన ఎండకు పుట్టినవి, ఏసీ అడగవు, గట్టిగా ఉంటాయి, ప్రాణం పెడతాయి. జాతి పేరుతో కుక్కను కొనడమే నాకు నచ్చదు.

ఫ్రిస్కో_అత్తమ్మ
@వీధికుక్క_నేస్తం మీ బాధ నాకు అర్థమవుతుంది బాబూ. కానీ మా మల్లి కూడా ఎవరో వదిలేసిందే. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. జాతి కుక్కలు కూడా రోడ్డున పడుతున్నాయి. వాటిని తీసుకోవడం కూడా పుణ్యమే కదా.

ఓరుగల్లు_పిల్ల
నేస్తం అన్నా, మా ఇంట్ల ఇండీ, అంటే మన దేశీ కుక్క ఉంది, నాకు ప్రాణం. కానీ దానికి పొద్దున సాయంత్రం గంటంత సేపు ఉరకాలె. పెద్దలు మాత్రమే ఉండే ఫ్లాట్ల అందరికీ కుదరదు. ఎవరి ఇంటికి ఏది సరిపోతదో అదే చూడాలె.

వీధికుక్క_నేస్తం
సరిపోయేది చూడాలి, ఒప్పుకుంటాను. కానీ చూసేముందు ఒకసారి షెల్టర్‌కు వెళ్లండి అంటాను, ఆ మాట వెనక్కి తీసుకోను.

మణికొండ_నాన్న
తప్పకుండా వెళ్తాను అన్నా. ఆస్తమా గురించి ఎవరూ చెప్పలేదు. "జుట్టు రాలదు, అలర్జీ రాదు" అని అమ్మేవాడు గట్టిగా చెప్పాడు.

ల్యాబ్_కోటు
జుట్టు తక్కువ రాలుతుంది, అది నిజం. అలర్జీ రాదు అనేది నిజం కాదు. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైన దాన్ని క్యాన్ ఎఫ్ 1 అంటారు. 2011లో అమెరికాలో, 2012లో నెదర్లాండ్స్‌లో అలర్జీ రానివి అని పేరున్న జాతుల ఇళ్లనూ మామూలు కుక్కల ఇళ్లనూ పోల్చి చూశారు. గాలిలో, నేల మీది దుమ్ములో ఆ ప్రొటీన్ మొత్తం మీద ఈ ఇళ్లలో తక్కువగా ఉందని తేలలేదు. మీ ఆవిడను పెద్ద మాల్టీస్ ఉన్న ఎవరి ఇంట్లోనైనా కొన్ని సార్లు కాసేపు కూర్చోబెట్టి చూడండి. ఆస్తమా డాక్టర్‌ను అడగకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

గోదారిగట్టు
ఎండ సంగతి? మే నెలలో మా రాజమండ్రిలో మనుషులే ఉండలేరు. గుండు కొట్టించేస్తే సరిపోతుందా?

కడప_పశువైద్యుడు
గుండు వద్దు. తెల్ల కుక్కల చర్మానికి ఎండ దెబ్బ తొందరగా తగులుతుంది. ఒకటి రెండు అంగుళాలు ఉంచి కత్తిరించండి. నడక తెల్లవారుజామున, రాత్రి. రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి చూడండి, ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. గోమార్ల కాలంలో చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ వెతకండి. తెల్ల ఒంటి మీద కనిపిస్తాయి కదా అని ధీమాగా ఉంటారు, అవి దాక్కునేది ఒంటి మీద కాదు. గోమార్ల జ్వరం మన ఊళ్లలో చాలా కుక్కల్ని తీసుకుపోతుంది.

వైజాగ్_వాసు
కళ్ల కింద ఎర్రటి చారలు కనిపిస్తాయి కదా, అవి రక్తమా?

ఫ్రిస్కో_అత్తమ్మ
రక్తం కాదు. కన్నీటిలో, ఉమ్మిలో ఉండే పార్ఫిరిన్లు అనే పదార్థాలు. వాటి వల్ల తెల్ల వెంట్రుక మీద తుప్పు రంగు పడుతుంది. పాదాలు నాకినా అదే రంగు. నేను చేసేది ఇంతే: పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిచి, పొడిగా అద్ది, కంటి పక్క వెంట్రుకల్ని కంట్లో పడకుండా తల మీద చిన్న పిలక వేస్తాను. మరకల పొడి అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవి కొనవద్దు. కొన్నిట్లో యాంటీబయాటిక్ కలిపారని 2014లో ఇక్కడ అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరికలు పంపింది. ఉన్నట్టుండి నీరు ఎక్కువ కారితే డాక్టర్‌కు చూపించాలి. కన్నీటి గొట్టం మూసుకున్నా, రెప్పవెంట్రుక లోపలికి తిరిగినా అలాగే ఉంటుంది.

జుట్టు విషయంలో బద్ధకం పనికిరాదు. రెండు రోజులు దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో, పట్టీ రాసుకునే చోట అట్ట కడుతుంది. తడిపితే అది ఇంకా బిగుసుకుంటుంది, అందుకే స్నానానికి ముందే చిక్కు తీయాలి. నేను మల్లిని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి టీవీ చూస్తూ దువ్వుతాను. మొదట్లో దువ్వెనను కొరికేది, ఇప్పుడు డ్రాయర్ తీసిన చప్పుడుకే వచ్చి పడుకుంటుంది.

బెజవాడ_బుజ్జి
పేరు ఎంత బాగా పెట్టారో! మల్లి. మా వాళ్లు తెల్ల కుక్కకు పెరుగు అని పెట్టారు. ఒకసారి మా అత్త "పెరుగు ఫ్రిజ్‌లో పెట్టావా" అంటే పాప ఏడుపు లంకించుకుంది.

ఓరుగల్లు_పిల్ల
😂😂 పెరుగు!

గోదారిగట్టు
అమెరికాలో కోట్లు ఆస్తి రాసిచ్చిన కుక్క కూడా మాల్టీసే కదా?

మిలాన్_ఎమ్మెస్
అవును, దాని పేరు ట్రబుల్. న్యూయార్క్ హోటళ్ల యజమాని లియోనా హెల్మ్‌స్లీ 2007లో చనిపోతూ దాని పేరు మీద కోటీ ఇరవై లక్షల డాలర్లు పెట్టింది. మనవల్లో ఇద్దరికి ఏమీ ఇవ్వలేదు. 2008లో న్యాయమూర్తి దాన్ని ఇరవై లక్షలకు తగ్గించాడు. కుక్క 2010 చివర్లో పోయింది.

గోదారిగట్టు
థియోఫ్రాస్టస్ చూసి ఉంటే సమాధి మాట రాయడం మానేసి వీలునామా మాట రాసేవాడు.

పాతపుస్తకం
ఇక్కడే నా అసలు మాట చెబుతాను. మణికొండ గారి రెండో ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది. గొర్రెల్ని కాసే కుక్కకు పరుగు కావాలి, వేటకుక్కకు వాసన కావాలి. ఈ కుక్కను అరిస్టాటిల్ కాలం నుంచి మనిషి పక్కన ఉండటానికే ఎంచుకుంటూ వచ్చారు. దానికి కావలసింది మనిషి. పొద్దున తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఏడుకు తీసే ఇంట్లో దాన్ని పెట్టడం అంటే దాని ఒకే ఒక్క అవసరాన్ని తీసేయడమే. ఎండకు ఏసీ ఉంది, జుట్టుకు దువ్వెన ఉంది. ఒంటరితనానికి కొనే వస్తువు లేదు.

ఫ్రిస్కో_అత్తమ్మ
నూటికి నూరు పాళ్లు. మల్లిని మొదటి యజమాని వదిలేసింది ఇందుకే. రోజంతా ఒంటరిగా ఉంచితే మొరిగి మొరిగి పక్కవాళ్లు ఫిర్యాదులు చేశారట. మా దగ్గరికి వచ్చినప్పుడు ముందుకాళ్లు నాకి నాకి ఎర్రగా పుండ్లు చేసుకుని ఉంది. నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి కొన్ని నెలల్లో మానాయి. ఇప్పటికీ నేను చెప్పులు వేసుకుంటే తలుపుకు అడ్డంగా పడుకుంటుంది.

మణికొండ_నాన్న
ఇది చదివాక రాత్రి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మా నాన్నగారు రిటైరై ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారు. ఎన్నాళ్లుగానో మా దగ్గరికి రమ్మంటున్నాం, "ఫ్లాట్‌లో నాకేం పని" అంటారు. ఫోన్ చేసి సంగతి చెబితే, "కుక్కను చూసుకోవాలంటే వస్తాను" అన్నారు! వేసవి సెలవుల్లో వస్తున్నారు. ఆయన వచ్చాకే కుక్క. మా ఆవిడ కొలీగ్ ఇంట్లో మాల్టీస్ ఉంది, రెండు ఆదివారాలు వెళ్లి కూర్చున్నాం, ఇబ్బంది రాలేదు. డాక్టర్‌ను కూడా అడిగాం, జాగ్రత్తలు చెప్పి సరే అన్నారు.

షెల్టర్‌కూ వెళ్లాను నేస్తం అన్నా. చిన్నవి అప్పుడు లేవు, పేరు రాసి వచ్చాను. ఈలోగా కొనాల్సి వస్తే ఏం చూడాలో చెప్పండి. అన్నట్టు లక్షా పది వేల మనిషిని తల్లిని చూపించమంటే "ఫామ్ దూరం సార్" అన్నాడు. ఇక అటు వెళ్లలేదు.

వీధికుక్క_నేస్తం
పేరు రాసి వచ్చారు, చాలు. సంతోషం.

కడప_పశువైద్యుడు
తల్లిని చూపించని చోట కొనకూడదు, మంచి పని చేశారు. తల్లి ఎలా ఉందో చూస్తే పిల్ల ఎలా ఉంటుందో తెలుస్తుంది. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి, రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు ఉన్నాయంటే వాటిలోని మైక్రోచిప్ నంబర్‌ను స్కానర్‌తో పిల్ల ఒంటి మీదే సరిచూడమనండి. కాగితం ఒక కుక్కది, పిల్ల ఒక కుక్కది కావడం మామూలే. మోకాళ్లు మీ వెట్‌తో పరీక్ష చేయించాకే డబ్బు ఇవ్వండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పార్వో, డిస్టెంపర్ జబ్బులకు మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల దాకా. మూడు నెలలకు రేబిస్. మీ మునిసిపాలిటీ లైసెన్సు కూడా తీసుకోండి.

నాన్నగారికి ఒక మాట గట్టిగా చెప్పండి. పెద్దవాళ్లు ప్రేమతో తమ కంచంలోది పెడతారు. ఉల్లి, వెల్లుల్లి పడిన పప్పు, సాంబారు వద్దు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు, పాయసంలోంచి ఏరి కూడా పెట్టకూడదు. చాక్లెట్ వద్దు. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ చాలా ప్రమాదం. జ్వరం అనిపిస్తే పారాసిటమాల్ ముక్క వేయవద్దు. ఉత్త పెరుగన్నం కొంచెం పెడితే ఫర్వాలేదు, అదే పూట భోజనం కాకూడదు.

వైజాగ్_వాసు
మా స్నోయి జీవితమంతా పెరుగన్నమే తిని పద్నాలుగేళ్లు బతికింది డాక్టర్ గారూ!

కడప_పశువైద్యుడు
అందుకే అన్నాను వాసు గారూ, ఇండియన్ స్పిట్జ్ గట్టిది అని. మాల్టీస్‌కు ఆ లెక్క పెట్టవద్దు. ఇదీ 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది, పళ్లు కాపాడితే.

ఓరుగల్లు_పిల్ల
అసోసియేషన్ వాళ్లు కుక్క వద్దంటే ఎట్ల? మా దగ్గర లిఫ్ట్‌ల ఎక్కనియ్యలే.

ల్యాబ్_కోటు
పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల్లో ఉంది. ప్రింట్ తీసి ఇవ్వండి. మన వైపు నుంచి టీకా కార్డు, మెడకు తాడు, మలం ఎత్తడానికి సంచి తప్పకుండా ఉండాలి.

మణికొండ_నాన్న
అన్నీ నోట్ చేసుకున్నాను. నాన్నగారు ఇప్పుడే ఫోన్ చేసి, దువ్వెన ఏది కొనాలి, ఊళ్లో దొరికేది తెస్తాను అంటున్నారు. ఫ్రిస్కో అత్తమ్మ గారూ, మీరే చెప్పాలి.

ఫ్రిస్కో_అత్తమ్మ
ప్లాస్టిక్‌ది వద్దని చెప్పండి, వెంట్రుక తెగుతుంది. స్టీల్‌ది కావాలి, ఒక పక్క పళ్లు దూరంగా, ఒక పక్క దగ్గరగా ఉండేది. ముందు దూరం పళ్లతో కొస నుంచి మొదలుపెట్టి మెల్లగా వేరు దాకా రావాలి. పొడి వెంట్రుక దువ్వకూడదు, కాస్త నీళ్లు చిలకరించుకోవాలి. చిక్కు పడిన చోట మాత్రం తడపకుండా, వేళ్లతో విడదీసి, ఆ తర్వాతే దువ్వెన. చెవుల వెనక్కి వచ్చేసరికి వెంట్రుకను వేరు దగ్గర పట్టుకుని దువ్వమనండి, లాగినట్టు ఉండదు. మొదటి వారం రెండు నిమిషాలే చాలు.